చితి చల్లారిన పిమ్మట



దీపము పెట్టిన వేళ ఈ అమంగళపు మాట యేల యని మీలో కొందరు రేడియో కట్టివేయ నెంచవచ్చును. కట్టివేయవలదని నా ప్రార్థన. నేను చెప్పబోవునది దయ్యముల కథ కాదు, వైరాగ్యబోధయు కాదు. మనుష్యదేహమును అగ్నికి అప్పగించిన పిమ్మట మిగులునది ఏమి? అది ఎంత? అది ఎవరిది? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయము. మొదటి రెండింటికిని శాస్త్రజ్ఞులు తూచి, కొలిచి జవాబు చెప్పియున్నారు. మూడవది మా యింట పుట్టినది. దానికొఱకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మాది తిరువూరు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, సంస్కృతమును చెప్పి విరమించినవాడను. పౌరోహిత్యము నా వృత్తి కాదు. అయినను ఊరిలో ఎవరింట కష్టము కలిగినను సంచయనమునాడు నన్ను వెంట రమ్మనుట వాడుకయైనది. మంత్రము తెలిసినవాడు ఒకడు దగ్గఱ నున్న ధైర్యమని వారి తలంపు. కనుక చల్లారిన చితులను నేను చాలనే చూచితిని. చూచిన ప్రతిసారియు నాకు తోచినది ఒక్కటే. నిన్న నలుగురు మోసిన బరువు నేడు ఒక ముంతలో పట్టుచున్నది. తక్కినది ఎటు పోయినట్లు?

ఎటు పోయినదో తెలిసికొనుట కష్టము కాదు. ప్రాయపు మనిషి దేహములో నూటికి అరువది పాళ్లు నీరే. అగ్ని మొట్టమొదట చేయు పని ఆ నీటిని ఆవిరి చేయుట. అందుచేతనే చితి అంటుకొన్న చాలసేపటివఱకు మంట కట్టెలదే గాని దేహముది కాదు. నీరు పోయిన పిమ్మట క్రొవ్వు అంటుకొనును, కండలు కాలును. అందలి బొగ్గుపదార్థము బొగ్గుపులుసు గాలియై, ఉదజని మరల నీటియావిరియై, నత్రజని వాయువై ఆకాశమున కలిసిపోవును. ఆ బొగ్గుపులుసు గాలిని చెట్లు పీల్చి కట్టెగా మార్చుకొనును. పంచభూతములలో కలిసిపోయెనని మనము ఓదార్పునకు అను మాట అక్షరాల నిజమనుటకు సందేహము లేదు.

ఇక చల్లారిన చోట కనబడు బూడిదగుట్ట. దీనినిగూర్చి ఒక మాట చెప్పిన కొందరికి నొప్పి కలుగవచ్చును. ఆ గుట్టలో అధికభాగము మనిషి కాదు, చెట్టు. వాగుగట్టున పేర్చు చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పట్టును. కట్టెలో నూటికి ఒక పాలు, అటునిటుగా, బూడిదగా మిగులును. అనగా నాలుగైదు కిలోల బూడిద కట్టెదే. మన చేతి కంటుకొను మెత్తని బూడిద తుమ్మదో మామిడిదో. మనిషిది దాని నడుమ నుండు తెల్లని తునుకలు. అవే ఎముకలు.

ఈ భేదము మన పూర్వులకు తెలియదని తలంపవలదు. ఆశ్వలాయన గృహ్యసూత్రము నాలుగవ అధ్యాయమున సంచయనవిధి యున్నది. జమ్మికొమ్మతో పాలు కలిపిన నీరు చిలుకరింపవలయును. బొటనవ్రేలితోను ఉంగరపు వ్రేలితోను ఒక్కొక్క ఎముకను తీసి కుండలో ఉంచవలయును. మొదట పాదములవి, కడపట శిరస్సుది. ఉంచునప్పుడు చప్పుడు కారాదు. నలుబదియేండ్ల క్రిందట మా గురువుగారు ఈ భాగము పాఠము చెప్పుచు, చప్పుడు కారాదను మాటకడ ఆగి, పుస్తకము మూసి, కొంతసేపు మాటాడలేదు. ఆ మౌనము నాకు బోధపడుటకు నా తండ్రి ఎముకలను నేను ఏరవలసి వచ్చినది. కాలిన ఎముక కుండ అంచునకు తగిలినచో గాజుపలుకువలె మ్రోగును. ఆ మ్రోత వినజాలము.

ఏరిన పిదప వానిని చేటతో చెరిగి బూడిదను వేరు చేయవలయునని కూడ ఆ సూత్రమే చెప్పుచున్నది. చెట్టును చెట్టుగా విడిచి మనిషిని మనిషిగా ఏరుట యన్నమాట. మఱియొక విశేషము: ఆ కుండను నదిలో కలుపుమని అచ్చట లేదు. వాననీరు తప్ప నలువైపుల నీరు పాఱని చోట గొయ్యి త్రవ్వి అందుంచుమని యున్నది. గంగలోను, గోదావరిలోను, కృష్ణలోను కలుపుట పురాణములు పెంచిన ఆచారము. రెండును మనవే. కాశీకి పోలేకపోతిమని, ఖర్చుకు చాలలేదని, తండ్రికి అన్యాయము చేసితిమని క్రుంగిపోవువారిని చూచియున్నాను కనుక దీనిని కావలెననియే చెప్పుచున్నాను.

ఎముక ఏల కాలదు? వెనుకటి మన మట్టిగోడ తీరు దానిది. మట్టిలో గడ్డి త్రొక్కి గోడ పెట్టినప్పుడు గడ్డి బిగువునిచ్చును, మట్టి బరువును మోయును. ఎముకలోను అట్లే జిగురువంటి మాంసపదార్థ మొకటి, సున్నమును భాస్వరమును కలిసిన ఖనిజ మొకటి అల్లుకొని యుండును. ఖనిజము మూడింట రెండు పాళ్లు. మంటకు జిగురు పోవును, ఖనిజము నిలుచును. గోడలోని గడ్డి కాలిపోయినట్లే. ఆకారము అట్లే యుండును గాని బిగువు పోయినందున వ్రేలితో నొక్కిన పొడియగును. మూడు నాలుగువందల డిగ్రీల వేడికి ఎముక నల్లబడును. వేడి హెచ్చినకొలది బూడిదరంగు వచ్చును. ఎనిమిదివందలు దాటినచో సుద్దవలె తెల్లనగును, బీటలు వారును, కొంత కుదించుకొనిపోవును. పంటిపై మెఱుగు వేడికి పగిలి రాలును గాని చిగురులోపలి మూలములు మిగులును. చెవి లోపలి భాగమును కాచు ఎముక ఒకటి మహా కఠినము. వేల ఏండ్లనాటి సమాధులు త్రవ్వువారు దానినే వెదకుదురు.

రైతు సోదరులకు ఈ ఖనిజము క్రొత్తది కాదు. చేలకు చల్లు ఎముకల పొడిలోని సత్తువ ఇదే. సూపర్‌ఫాస్ఫేటు బస్తాలోని భాస్వరము దీనికి దగ్గఱి చుట్టమే.

ఇక ఎంత మిగులును అను ప్రశ్న. యంత్రదహనవాటికలలో దొరకిన ఎముకలన్నిటిని ఏరి తూచినచో పెద్దవారికి సాధారణముగా రెండు మొదలు మూడు కిలోలు. దేహపు బరువులో నూటికి మూడున్నర పాళ్లు అని ఒక లెక్క. స్థూలకాయునకు హెచ్చు, బక్కవానికి తక్కువ యనుకొందుము గాని అది సరికాదు. క్రొవ్వు మిగులదు గదా! పొడవును, ఎముకల దిట్టతనమును బట్టి యుండును. స్త్రీలకు పురుషులకంటె తక్కువ. ముసలితనమున ఎముక గుల్లవారినచో ఇంకను తక్కువ. రెండున్నర, మూడు కిలోలనగా ఇంచుమించు మనము పుట్టిననాటి తూకము. దీనిలో అర్థమేదియు లేదు, ఊరక కలిసిన లెక్క. అయినను విన్ననాటినుండి నేను మఱవలేకున్నాను.

ఇప్పుడు మూడవ ప్రశ్న.

2021వ సంవత్సరము మే నెల. ఆ నెల మీకును జ్ఞాపకముండును. మా అన్నగారికి డెబ్బదిరెండేండ్లు. జ్వరము, ఆయాసము వచ్చి నగరమున ఒక వైద్యశాలలో చేర్చితిమి. తొమ్మిదవనాడు పోయెనని ఫోను వచ్చెను. దేహమును మాకు చూపలేదు. దహనమునకు ఎవరిని రానీయలేదు. మూడవనాడు పొమ్మనగా ఆయన కుమారుడు పోయెను. మూతికి గుడ్డకట్టిన మట్టిముంత, దానికి దారముతో కట్టిన చీటి చేతికిచ్చిరి. ఆ వైద్యశాల పేరుగాని ఆ వాటిక పేరుగాని చెప్పను. ఆ దినములలో అచ్చట పనిచేసినవారు నిద్రాహారములు లేక చేసిన పని యెట్టిదో దూరమున నున్న మనకు తెలియదు.

ముంతతో ఊరు చేరగానే మొదటి చిక్కు. వీధిలో కొందరు అడ్డము వచ్చిరి. ఆ ముంతలో రోగమున్నదట! వారిపై నాకు కోపము రాలేదు, భయము అట్టిది. ఎముకను సుద్ద చేసిన అగ్నికి రోగక్రిమి యొక లెక్కా అని నిదానముగా చెప్పితిని. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చిలోనే, చితాభస్మమువలన అపాయము లేదనియు, అంత్యక్రియలకు తీసికొనవచ్చుననియు ప్రకటించియుండెను. ఆ కాగితము మా పిల్లవాడు ఫోనులో చూపెను. ఎట్లో ఒప్పుకొనిరి. అస్థికలను ఇంటిలోనికి తేరాదు గదా. తోటలో వేపకొమ్మకు వ్రేలగట్టితిమి.

మఱునాడు ప్రొద్దున పాలతో తడిపి క్రొత్త ముంతలోనికి మార్చునప్పుడు రెండవ చిక్కు వచ్చినది. ఇది మొదటిదానివంటిది కాదు.

మా అన్నగారు పదునాలుగేండ్ల క్రిందట సైకిలుమీదనుండి పడి తొడయెముక విఱుగగొట్టుకొనిరి. వైద్యులు లోపల ఉక్కుకడ్డీ వేసిరి. జానెడుకు మించిన కడ్డీ. వానకాలమున అది సలుపుచున్నదని, తానొక ఇనుపకొట్టు మోయుచున్నానని ఆయన పరిహాసమాడుచుండెడివారు. మా పిల్లవాడు ముంతను విప్పి, ఒక్కొక్క తునుకయు తీసి, అడుగువఱకు చూచి, తలయెత్తి, “బాబాయ్, కడ్డీ ఏదీ?” అనెను.

ఉక్కు కరగుటకు పదునాలుగు పదునైదువందల డిగ్రీల వేడి కావలయును. దహనయంత్రములోని వేడి సాధారణముగా వేయి డిగ్రీలకు మించదు. కనుక కడ్డీ కరగిపోలేదు. ముంతలో లేదు. కాబట్టి ఇవి నాన్నవి కావు అని వాడు తేల్చినాడు. తర్కము పాఠము చెప్పినవాడను గదా, హేతువు సరిగానున్నట్లే తోచెను. వాని ముఖము చూడజాలక, విచారింపుదమంటిని.

నా పూర్వశిష్యుడొకడు వైద్యుడు. ఫోనులో అడిగితిని. ఇటువంటి వాటికలలో లోహపు ముక్కలను, కీలుకు వేసిన గుండ్లను, మరమేకులను పనివారు పటకారుతో ముందే తీసివేయుట కలదనియు, కడ్డీ లేనంతమాత్రమున ఆ ఎముకలు వేరొకరివని చెప్పజాలమనియు అతడనెను. అంతలో మా పిల్లవాడు ఫోను లాగుకొని, పరీక్ష చేయించిన తెలియదా, డి.ఎన్.ఏ. పరీక్ష కలదు గదా యని అడిగెను. శిష్యుడు కొంచెము ఆగి, “తునుకలు ఏ రంగున ఉన్నవి మాస్టారూ?” అని నన్నడిగెను. తెల్లగా, సుద్దవలె నున్నవంటిని. “అయితే ప్రయోజనము లేదండీ. నల్లగా సగము కాలినవైతే ఒక్కొక్కప్పుడు ఏమైనా దొరకును. తెల్లబడిన ఎముకలో మనిషి గుర్తు ఏదియు మిగులదు” అనెను.

ఈ మాట నేను ఎన్నియో మారులు తలపోసితిని. తల్లి పోలిక, తండ్రి పోలిక, తాత ముక్కు, ఇవన్నియు వ్రాసియున్న లిపి ఆ డి.ఎన్.ఏ. కడపటివేలు నెమ్మువంటి చిన్న భాగమునందును అది యుండును. మహాగ్నిలో అది తుడిచిపెట్టుకొనిపోవును. మిగిలిన సున్నపుభాస్వరము రాజునకు ఎట్టిదో కూలివానికిని అట్టిదే. ఎముక తాను ఎవరిదో చెప్పదు. మఱి ఎవరు చెప్పవలయును?

ఆ రాత్రి నాకు భట్టిప్రోలు జ్ఞప్తికి వచ్చెను. పూర్వము గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఉద్యోగములో నున్ననాడు పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటి స్తూపపు దిబ్బను చూచివచ్చితిని. 1892లో అలెగ్జాండర్ రే అను పురాతత్త్వోద్యోగి ఆ దిబ్బను త్రవ్వించెను. లోపల రాతిపెట్టెలు మూడు దొరకినవి. వానిలో స్ఫటికపు భరిణ, బంగారుపూవులు, పూసలు, ముత్యములు. అంత వైభవమునకు నడుమ, కాలిన ఎముక తునుక. రాతిపెట్టెల అంచున అక్షరములున్నవి. మన దక్షిణదేశపు లిపుల పుట్టుకను తెలుపు అతిప్రాచీనాక్షరములలో అవి చేరినవి. రెండువేల ఏండ్లకు పైబడినవి. బ్యూలర్ పండితుడు వానిని చదివెను. కురుడను వాని తండ్రియు, తల్లియు, కురుడును, శివుడనువాడును కలిసి, బుద్ధుని ధాతువులను ఉంచుటకై ఈ పెట్టెను, స్ఫటికపు భరిణను చేయించిరని అందలి తాత్పర్యము. కుబీరకుడను రాజు పేరును అచ్చటనే యున్నది.

పండితులకు ఒక చిన్నమాట. ఆ శాసనప్రాకృతములో ధాతువులకు వాడిన పదము శరీరములు అని. కాలి మిగిలిన తునుకకే శరీరమని పేరు! ఆ పదము కంటబడిననాడు నేను నివ్వెఱపడితిని. కాలిపోయినది ఏదో కాలిపోయినది. చేతికి మిగిలినదే శరీరమని వారి యభిప్రాయము కాబోలు.

ఆ తునుక బుద్ధునిదని మనము ఎట్లు నమ్ముచున్నాము? తునుకను చూచి కాదు. అక్షరములను చూచి. తల్లియు తండ్రియు కొడుకును కలిసి ఒక పెట్టె చేయించి, ఇది వారిది అని రాతిపై చెక్కించిరి కనుక. సాక్ష్యము ఎముకది కాదు, ఏరి దాచినవారిది. బుద్ధుని దహనానంతరము ఆ ధాతువులకై రాజులు యుద్ధమునకు సిద్ధపడగా ద్రోణుడను బ్రాహ్మణుడు నడుమ నిలిచి ఎనిమిది భాగములు చేసి పంచెనని మహాపరినిబ్బాన సుత్తములో నున్నది. పంచిన పాత్రను మాత్రము తాను అడిగి తీసికొన్నాడట. ఆలస్యముగా వచ్చిన మౌర్యులకు ఎముక దొరకలేదు. చితిలోని బొగ్గులు తీసికొనిపోయి వానిపైననే స్తూపము కట్టిరి. బొగ్గు కట్టెది యని వారికి తెలియదా? తెలియును.

మన కాలపు మాటయు ఒకటి చెప్పెదను. మహాత్ముని అస్థికలను 1948 ఫిబ్రవరి 12న ప్రయాగలో కలిపిరి. మఱికొన్ని పాత్రలు దేశమున పలుచోట్లకు పోయినవి. వానిలో నొకటి కటక్ నగరమున బ్యాంకు పెట్టెలో దశాబ్దముల తరబడి ఉండిపోయెను. కడకు న్యాయస్థానమువఱకు పోయి మునిమనుమడు తుషార్ గాంధీ దానిని పొంది 1997 జనవరి 30న త్రివేణిలో విడిచెను. అన్నియేండ్లు అది గాంధీగారిదని చెప్పినది ఏది? పెట్టెమీది వ్రాత.

ఈ సంగతులన్నియు తెల్లవాఱుజామున మా పిల్లవానికి చెప్పితిని. వాడు విని, “రాజులకు రాళ్లమీద చెక్కించుటకు తీరిక యున్నది బాబాయ్. మనకు ఇచ్చినది దారము కట్టిన చీటి. ఆ చీటి మాఱిపోలేదని ఎవరు చెప్పగలరు?” అనెను. నిజమే. నేను చెప్పలేకపోతిని. నా పాండిత్యము అచ్చటితో నిలిచిపోయెను.

మా వదినగారు లోపల గోడకానుకొని కూర్చుండి అంతయు వినుచుండిరి. ఆమె పిలిచి, “నాయనా, నువ్వు అబద్ధమాడవు. ఇవి ఆయనవేనా?” అని అడిగిరి.

ఔనని చెప్పుట తేలిక. ఆమె నమ్మియుండును. కాని ఆమె నన్నడిగిన మాటలోని మొదటి భాగము నా నోటికి అడ్డమువచ్చెను. “తెలియదు వదినా. కావచ్చును, కాకపోవచ్చును. తెలిసికొను ఉపాయము లేదు” అంటిని. తరువాత ఏమి చెప్పవలయునో తోచక, సగరపుత్రుల కథ చెప్పితిని. కపిలమహర్షి చూపుమంటకు అరువదివేలమంది ఒక్కచోట భస్మమైరి. అంశుమంతుడు వారికి నీళ్లు విడువబోగా గరుత్మంతుడు వారించి, ఈ నీళ్లు చాలవు, గంగయే రావలయుననెను. తరములు గడచి భగీరథుడు గంగను తెచ్చెను. తెచ్చి, ఇది ఫలానావాని బూడిద, ఇది ఫలానావానిదని వేఱుచేసెనా? లేదు. కుప్పమీదుగా గంగ పాఱెను; అందరును తరించిరి. “ఒకవేళ ఇవి వేఱొకరివే యైనను, ఆ వేఱొకరికిని ఎవరో ఒకరు నీళ్లు విడువవలసినదే గదా వదినా” అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే ఇద్దరి పేరా విడువండి నాయనా” అనిరి.

అంతే. మా పిల్లవాడు మఱి మాటాడలేదు. లేచి స్నానమునకు పోయెను.

మా కట్టలేటిలో ఆ నెల ఇసుకయే గాని నీరు లేదు. ఉన్ననాడు ఆ నీరు మున్నేటి దారిని కృష్ణకే పోవును కనుక, నేరుగ కృష్ణకే పోదమని ఇబ్రహీంపట్నము ఫెర్రీకడ పవిత్రసంగమమునకు బయలుదేఱితిమి. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు కర్ఫ్యూ. ఆలోగా ముగించుకొని వెనుదిరుగవలయును. రేవులో మావలెనే ముంతలు పట్టుకొని చాలమంది యుండిరి. ఎవరికి ఎవరును మాటాడుకొనలేదు. గోదావరినీరు అప్పటికి రాలేదు. కృష్ణ మాత్రము ప్రకాశం బ్యారేజీ వెనుక నిండుగా నిలిచియుండెను.

మొదట గోత్రము చెప్పి, మా అన్నగారి పేరు చెప్పి విడిచితిమి. పిదప పేరు లేనివానికి. మన తర్పణవిధిలో బంధువులు కానివారికి, నీళ్లు విడుచువారు లేనివారికి కూడ నీరు విడుచుట కలదు. ప్రతి యేటను ఆ మంత్రము చెప్పినవాడనే. ఎవరికి చెప్పుచున్నానో ఆనాడు మొదటిసారి నాకు ముఖము కనబడినట్లుండెను. ఆయన అస్థికలు ఎవరి యింట ఏ పేరున నీటిలో కలిసినవో, ఆ ఇంటివారును కడ్డీని చూచి మావలెనే కలతపడిరో! ఎవరైన నేమి, ఆయనకును వారు నీళ్లు విడిచియుందురు.

సుద్దవంటి ఆ తునుకలు నీటిలో కరగవు, తేలవు. నీరు త్రాగి బుడగలు విడుచుచు అడుగునకు దిగి ఒండ్రులో కలియును. ఏండ్లమీద ఆ సున్నము, ఆ భాస్వరము నీటిమొక్కకో చేపకో చేరును. నీటికి హాని చేయునది ఎముక కాదు. ఎముకతోపాటు మనము విసరు ప్లాస్టిక్ సంచులు, పూలదండల తీగెలు, పగిలిన గాజుసీసాలు. ఆనాడు ఆ రేవు అడుగున చూచిన చెత్త నదికిని, పోయినవారికిని గూడ అవమానము. ముంతను ఇసుకలో గొయ్యితీసి పూడ్చి, గుడ్డను మడిచి వెనుకకు తెచ్చుకొంటిమి.

చీటి మాత్రము కనబడలేదు. దారితప్పి నీటిలో పడియుండునని అనుకొంటిమి. సంవత్సరీకమునాడు వదినగారు పెట్టె తెఱచి పంచె తీసి ఇచ్చునప్పుడు, పెట్టెమూలను మడిచిన ఆ చీటిని చూచితిని. బాల్‌పెన్నుతో ఎవరో తొందరగా వ్రాసిన పేరు, ఒక అంకె, తేది. ఆయన పేరులో ఒత్తు తప్పిపోయినది. చేయి ఊరకుండక జేబులోని కలము తీసితిని. వదినగారు నా చేతిలోనుండి చీటిని తీసికొని, ఎట్లున్నది అట్లే మడిచి, పెట్టె మూసిరి.